సింహం మనకేమీ బాకీ లేదు

ఈ ఆదివారం సఫారీకి వెళ్దామని ఇంట్లో మాట వచ్చిందనుకోండి. వెంటనే ఏం అడుగుతాం? ఎన్నింటికి బయలుదేరాలి, టికెట్ ఎంత, పులిహోర కట్టుకెళ్దామా అక్కడే ఏదైనా తిందామా, అమ్మమ్మ అంత దూరం నడవగలదా, బండి ఎక్కడ పెట్టాలి. ఇవన్నీ అడగాల్సినవే. కానీ ధమ్మం చదువుకుంటున్న ఇంట్లో ఇంకో ప్రశ్న కూడా రావాలి. మనం దేనికి వెళ్తున్నాం? "సింహాన్ని చూడ్డానికి" అంటే అది సగం జవాబే. చూసి ఏం కావాలని?

ఒక పూట వినోదానికి ఇంత చాదస్తమా అనుకోకండి. బుద్ధుడు కమ్మ అంటే చేతన అని చెప్పాడు. చేతన అంటే పని వెనక ఉండే సంకల్పం. ఆ సంకల్పం బస్సెక్కాక పుట్టదు. ప్లాన్ వేసుకునేటప్పుడే పుడుతుంది. ఇంట్లో కూర్చుని "పులిని దగ్గర్నుంచి చూపిస్తారట" అన్నప్పుడే మనసు ఒక లెక్క కట్టేసుకుంటుంది. ఇంత డబ్బు, ఇంత ఎండ, ఇంత ప్రయాణం. బదులుగా పులి దగ్గరికి రావాలి. ఆ లెక్కను ముందే ఒకసారి బయటపెట్టి చూసుకోవడం మంచిది.

సఫారీ అన్న మాట స్వాహిలీ భాషది. అక్కడ దానికి ప్రయాణం అని అర్థం. మూలం అరబ్బీలోని 'సఫర్'. హైదరాబాదులో ఉర్దూ చెవినపడ్డ వాళ్ళకి ఇది తెలిసిన మాటే. యాత్ర అన్నమాట. తెల్లదొరలు ఆఫ్రికా వెళ్ళాక అది వేట యాత్ర అయింది. తర్వాత తర్వాత తుపాకీ స్థానంలో కెమెరా వచ్చింది.

వేట యాత్ర ఇంకో రకం యాత్రగా మారడం మన దగ్గర చాలా ముందే జరిగింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద, గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, అశోకుడి శాసనాలున్నాయి. అందులో ఎనిమిదో శిలాశాసనం యాత్రల గురించే. పూర్వం రాజులు విహారయాత్రలకు వెళ్ళేవాళ్ళనీ, వేటాడి సరదా పడేవాళ్ళనీ అందులో ఉంది. తాను పట్టాభిషేకం జరిగిన పదేళ్ళకు సంబోధికి, అంటే బుద్ధగయకు వెళ్ళాననీ, అప్పటినుంచి ధమ్మయాత్రలు మొదలయ్యాయనీ రాయించాడు. శ్రమణుల్ని, బ్రాహ్మణుల్ని, ముసలివాళ్ళని చూడటం, దానం చేయడం, పల్లె జనంతో మాట్లాడటం, ఇవీ ఆ యాత్రల్లో చేసే పనులు. గమనించండి, అశోకుడు ప్రయాణం మానలేదు. సంతోషమూ మానలేదు, ఈ యాత్రల్లోనే ఎక్కువ ఆనందం ఉందన్నాడు. మారింది ఒక్కటే, దేనికోసం బయలుదేరుతున్నాడన్నది.

మన సఫారీ ఈ రెండిట్లో ఏది? దీనికి జవాబు అంత తేలిగ్గా రాదు. ఎందుకంటే ఇప్పటి సఫారీ పార్కులో వేట లేదు. చూడబోతే అంతా తలకిందులైనట్టు ఉంటుంది. మనం బోనులో ఉంటాం, సింహం బయట ఉంటుంది. హైదరాబాద్ నెహ్రూ జూలో 1974 నుంచి లయన్ సఫారీ ఉంది. మన దేశంలో ఇలాంటిది అదే మొదటిదని చెబుతారు. జూ వాళ్ళ బస్సెక్కించి, కిటికీలు మూసి, గేటు తర్వాత గేటు దాటించి లోపలికి తీసుకెళ్తారు. పిల్లలకి అది గొప్ప తమాషా. "నాన్నా, మనమే బోన్లో ఉన్నాం!"

ఆ తమాషాలో కొంత నిజం ఉంది. ఇరుకు బోనులో అటూ ఇటూ తిరిగే పులికంటే, చెట్టు నీడన కాళ్ళు చాపుకున్న పులి మేలే. కానీ గేటు తాళం ఎవరి దగ్గరుంది? మన బోను అరగంటలో తెరుచుకుంటుంది. దాని కంచె తెరుచుకోదు. సాయంత్రమైతే లోపల గదిలో మాంసం పెడతారు కాబట్టి అది లోపలికి పోతుంది. తెల్లారితే మళ్ళీ బయటికి వస్తుంది. కంచె కనపడకుండా కట్టడమే సఫారీ పార్కు పనితనం. ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకడు ఇంగ్లండుకు చెందిన జిమ్మీ చిప్పర్‌ఫీల్డ్. సర్కస్ కుటుంబంలో పుట్టినవాడు. 1966లో లాంగ్‌లీట్ అనే జమీందారీ ఎస్టేటులో, జనం తమ కార్లలోనే సింహాల మధ్యనుంచి పోయే పార్కు తెరవడంలో అతనిదే ముఖ్యపాత్ర. ఆఫ్రికా బయట అలాంటిది అదే మొదలు. డేరా తీసేసి, కంచెను దూరం జరిపిన సర్కస్ అని అంటే మరీ కఠినంగా ఉంటుందేమో. కానీ చూసేవాడి మనసులో ఉన్నది మాత్రం రెండు చోట్లా ఒక్కటే కావచ్చు.

"అయితే అసలు వెళ్ళకూడదు, అంతేగా?" అని కొందరు ధమ్మమిత్రులు తేల్చేస్తారు. నేను అలా తేల్చను. సర్కస్‌కు తర్వాత ఏమైందో చూడండి. సింహాలు, పులులు, ఎలుగుబంట్ల చేత ఆటలాడించకూడదని 1998లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మంచి పని. మరి సర్కసుల్లో ఉన్న సింహాలు ఎక్కడికి పోవాలి? వాటిని పెట్టడానికి దేశంలో కొన్నిచోట్ల రెస్క్యూ సెంటర్లు కట్టారు. అందులో రెండు మనవే, తిరుపతి జూ దగ్గరొకటి, విశాఖ జూ దగ్గరొకటి. ఆ సింహాల్లో చాలావరకు ఆసియా జాతి, ఆఫ్రికా జాతి కలిసిపోయిన సంకరాలు. గిర్ అడవికి పంపడానికి లేదు. ఆఫ్రికాకు పంపడానికి లేదు. వేటాడటం వాటికి ఎవరూ నేర్పలేదు. పిల్లల్ని కననివ్వకుండా, బతికినంతకాలం సాకడమే మిగిలింది. అక్కడే ముసలివయ్యాయి, అక్కడే ఒక్కొక్కటీ పోయాయి.

అంటే "మేం వెళ్ళం" అని మనం ఇంట్లో కూర్చున్నంత మాత్రాన ఏ సింహానికీ అడవి తిరిగి రాదు. వెళ్ళడం పుణ్యమూ కాదు. మనుషులు చేసిన బాకీ ఒకటి అక్కడ ఉంది. ఎవరో ఒకరు తీర్చాలి.

బాకీ అన్నాను కాబట్టి, ఇక్కడ మనలో చాలామంది దాటవేసే విషయం ఒకటి చెప్పాలి. మాంసం.

పొద్దున్నే లేచి పంచశీల చెప్పుకుంటాం. మొదటి శీలమే పాణాతిపాతా వేరమణి, ప్రాణం తీయకుండా ఉంటానని. మధ్యాహ్నం సఫారీ టికెట్ కొంటాం. ఆ డబ్బులో కొంత ఎటు పోతుంది? సింహం గడ్డి తినదు. దానికి రోజూ కిలోల కొద్దీ దున్న మాంసం కావాలి. ఆ దున్నను ఎవరో కోయాలి. జీవక సుత్తంలో భిక్షువుల గురించి ఒక నియమం ఉంది. తనకోసం చంపడం చూడలేదు, వినలేదు, అనుమానించలేదు అన్న మాంసమైతే భిక్షగా తీసుకోవచ్చని. దాన్ని ఇక్కడికి లాక్కొచ్చి తప్పించుకోలేం. అది భిక్షాపాత్ర పట్టుకున్నవాడి సంగతి. పైగా మనకు తెలుసు, అనుమానం కూడా కాదు.

అడవిలో సింహం దుప్పిని పట్టుకుంటే అందులో మనిషి కమ్మ లేదు. సింహానికి అది ఆకలి. పార్కులో అదే సింహం తినే ప్రతి ముద్ద వెనకా మనుషుల వరుస ఉంది: కొనేవాడు, కోసేవాడు, తూచేవాడు, తొట్టిలో వేసేవాడు, టికెట్టు కొన్న మనం. కంచె ఒక జంతువును బంధించడంతో ఆగదు. దాని ఆకలిని తెచ్చి మన చేతిలో పెడుతుంది. అంగుత్తర నికాయంలో ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ప్రాణుల వ్యాపారం, మాంసం వ్యాపారం పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఉన్నచోటికి రెండోది ఎలా వస్తుందో జూ వెనక వాకిలి దగ్గర నిలబడితే తెలుస్తుంది.

మరి దున్నకోసం సింహాన్ని మాడ్చాలా? అదీ హింసే. డాక్టర్ అంబేడ్కర్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో అహింస గురించి రాస్తూ, చంపాలన్న కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని విడదీశారు. సింహం మేతకు ఆ తేడా వర్తిస్తుందని నా అభిప్రాయం. మనం బంధించాం కాబట్టి మేపాల్సిన అవసరం మన మీద పడింది. కానీ ఈ మాట ఇక్కడితో ఆపితే మోసమే. అవసరాన్ని మనమే పుట్టించుకుంటూ పోతే అది కోరికే అవుతుంది. జనం రావడానికి కొత్త పిల్లల్ని పుట్టించి, ఇంకో నాలుగు సింహాలు తెచ్చి, ఆపైన "ఏం చేస్తాం, మేపాలి కదా" అంటే అది అవసరం కాదు. అంతరించిపోయే జాతిని నిలబెట్టడానికి లెక్కప్రకారం పిల్లల్ని కననివ్వడం వేరు, ముద్దుగా ఉంటాయని కూనల్ని ప్రదర్శనకు పెట్టడం వేరు. టికెట్ కొనే ముందు ఈ రెంటిలో దేనికి కొంటున్నామో అడగొచ్చు. కూనల్ని ఒళ్ళో పెట్టి ఫొటోలు తీయించే చోటు ప్రపంచంలో ఎక్కడున్నా సరే, అక్కడికి వెళ్ళకండి. దీన్లో నాకు రెండో ఆలోచన లేదు.

మిగిలిన చోట్ల పూర్తిగా చేతులు కడిగేసుకునే దారి నాకు కనపడదు. అశోకుడికీ కనపడలేదు. మొదటి శిలాశాసనంలో, తన వంటింట్లో ఒకప్పుడు లక్షల ప్రాణులు తెగేవనీ, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే తెగుతున్నాయనీ, జింక కూడా రోజూ కాదనీ, ముందు ముందు అవీ ఉండవనీ రాయించాడు. "నా వంటింట్లో హింస లేదు" అని రాయించుకోవచ్చు, అడిగేవాడెవడు? మిగిలిన మూడింటినీ లెక్కపెట్టి బండమీద చెక్కించాడు. సఫారీకి వెళ్ళే ఉపాసకుడు కనీసం ఆ లెక్క దాచుకోకూడదు.

చాలా జూలలో పులులకీ సింహాలకీ వారానికో రోజు మాంసం పెట్టరు. అడవిలో వాటికి రోజూ వేట దొరకదు కదా, ఒంటికి మంచిదని. ఉపవాసం అంటారు దాన్ని. మనవాళ్ళు కొందరు మురిసిపోయి "చూశారా, సింహానికి కూడా ఉపోసథం" అంటారు. కాదండీ. ఎంచుకున్నవాడికే అది ఉపోసథం.

ఇక లోపలికి వెళ్ళాక జరిగేది చూద్దాం. సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుంది. ఇది బద్ధకం కాదు, దాని ఒంటి తీరే అంత. మీరు వెళ్ళేసరికి అది పడుకుని ఉండటమే మామూలు. బస్సు ఆగుతుంది. ఫోన్లన్నీ లేస్తాయి. అది కళ్ళు తెరవదు. అప్పుడు ఒక గొంతు వస్తుంది: "ఏయ్, లేయ్!" ఇంకొకరు కిటికీ అద్దం కొడతారు. ఇంకొకరు డ్రైవరుని హారన్ కొట్టమంటారు. "ఇంత డబ్బు పెట్టి వస్తే పడుకునుంది" అని విసుక్కుంటారు.

ఈ ఒక్క నిమిషంలో పటిచ్చసముప్పాద పాఠం మొత్తం ఉంది. కన్నూ సింహమూ కలిశాయి, అది ఫస్స. బాగుందనో చాల్లేదనో అనిపించింది, అది వేదన. "లేవాలి, గర్జించాలి, ఇటు చూడాలి", అది తణ్హా. మనం కోరుకున్నట్టు అది ఉండకపోయేసరికి చిరాకు వచ్చింది. దుక్ఖం ఎలా పుడుతుందో పుస్తకంలో చదివితే సగమే అర్థమవుతుంది, ఇక్కడ మన ఒంట్లోనే కనపడుతుంది. పడుకున్న సింహం దగ్గర మీకు చిరాకు కలిగితే దాన్ని కాసేపు గమనించండి. టికెట్ డబ్బు జూకు ఇచ్చాం, సింహానికి ఇవ్వలేదు. అది మనతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. మనకేమీ బాకీ లేదు.

అరవడం చట్టప్రకారం కూడా నేరమే, తెలుసా? వన్యప్రాణి సంరక్షణ చట్టం 38-జె సెక్షన్ జూలో జంతువుల్ని ఏడిపించడం, గాయపరచడం, తిండి వేయడం, చప్పుడు చేసి కలవరపెట్టడం, చెత్త వేయడం నిషేధించింది. చట్టం భయంతో ఊరుకున్నా మంచిదే. మెత్తాతో ఊరుకుంటే ఇంకా మంచిది. మెత్తా అంటే దగ్గరికి లాక్కోవడం అనుకుంటారు చాలామంది. దూరంగా ఉండనివ్వడం కూడా మెత్తాయే.

ఈ మాట విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి మరీ పనికొస్తుంది. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు గ్లెన్ రోజ్‌లోని ఫాసిల్ రిమ్‌కు వెళ్తుంటాయి. 1,800 ఎకరాల చోటు. సొంత కారులోనే మైళ్ళ దారి పొడుగునా మెల్లగా పోతూ జింకల్ని, జిరాఫీల్ని, చారల గుర్రాల్ని చూడొచ్చు. చీతాల వంటి జాతుల్ని నిలబెట్టే పని అక్కడ నిజంగానే జరుగుతోంది. అక్కడ అమ్మే దాణా కొని, వాళ్ళు ఒప్పుకున్న జంతువులకు కారులోంచే పెట్టొచ్చు. జిరాఫీ కిటికీ దాకా తల వంచితే ఎంత సంతోషమో చెప్పక్కర్లేదు. పిల్లలు దాన్ని దానం అనుకుంటారు, మనమూ అలాగే చెప్తాం. కానీ చేతిలో దాణా చూపించి, తల ఫొటోకి సరిగ్గా వచ్చేదాకా అందనివ్వకుండా ఊరించామనుకోండి, అది బేరం అయిపోయింది. అదే దాణా, అదే చెయ్యి. జిరాఫీకి తేడా తెలియకపోవచ్చు. మీ పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లకి తెలుస్తుంది.

సరే, వెళ్దామనే అనుకున్నారు. అయితే రోజును ఇలా వేసుకోండి. హైదరాబాద్ జూకి సోమవారం సెలవు, తిరుపతి జూకి మంగళవారం. ఆదివారాలు, పండగలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి వీలైతే మామూలు రోజు చూసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్ళడం మీకూ హింస, వాటికీ హింస. జూ తెరిచే వేళకే చేరండి, చల్లగా ఉంటుంది, జంతువులూ కాస్త కదులుతుంటాయి. 380 ఎకరాల జూని ఒక్క పూటలో పూర్తి చేస్తామని పట్టుదల పెట్టుకోకండి. సఫారీ ఒకటి, ఇంకో మూడు నాలుగు చోట్లు చాలు. ఒక చోట, ఏదో ఒక జంతువు దగ్గర, పావుగంట ఫోన్ తీయకుండా నిలబడండి. అమ్మమ్మ కూర్చోగలిగే నీడ ఉన్న చోటైతే ఇంకా మేలు, ఆవిడకు అన్నీ చూడాలన్న తొందర ఉండదు కాబట్టి ఆవిడే అందరికంటే ఎక్కువ చూస్తుంది.

పులిహోర పొట్లం తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. గాలికి ఎగిరి కంచెలో పడ్డ కవరు దుప్పి కడుపులోకి పోతుంది. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆ వారం మానుకోండి. ఇది నేను కల్పించి చెప్పే జాగ్రత్త కాదు. 2021 మే నెలలో హైదరాబాద్ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా వచ్చినట్టు సీసీఎంబీ వాళ్ళ పరీక్షల్లో తేలింది. తర్వాత కోలుకున్నాయి. కంచెలు, గేట్లు మన మధ్య ఎన్ని ఉన్నా మనుషుల రోగం వాటిదాకా పోగలదని అప్పుడు అందరికీ తెలిసింది.

దానం చేయాలని ఉంటే జూలలో జంతువుల దత్తత పథకాలున్నాయి. ఒక పక్షికో కోతికో కొన్నాళ్ళ మేత ఖర్చు భరించొచ్చు. పుట్టినరోజు కేకు డబ్బు అటు పెట్టే ఇళ్ళున్నాయి. జంతువుల గది కడిగే, మేత పెట్టే కీపరు ఎదురుపడితే ఆగి పలకరించండి. అశోకుడి యాత్రల్లో జనంతో మాట్లాడటం కూడా ఒక పనే కదా. ఏ సింహం గురించైనా అతను చెప్పగలిగేది బోర్డు మీద ఉండదు.

పిల్లలకి ముందురోజు రాత్రే ఒక మాట చెప్పి పడుకోబెట్టండి: "రేపు సింహం కనపడొచ్చు, కనపడకపోవచ్చు. పడుకుని ఉంటే లేపం." అంతే చాలు. "పులి నీకోసమే వస్తుంది చూడు" అని ఊరించకండి.

బస్సులో ఏదో ఒక పిల్ల తప్పకుండా అడుగుతుంది, "దానికి వాళ్ళింటికి వెళ్ళాలని ఉండదా?" అని. చాలామంది పెద్దవాళ్ళు ఇక్కడ అబద్ధం చెప్తారు. "ఇదే దాని ఇల్లు, హాయిగా ఉంది" అంటారు. అబద్ధం ఆడకపోవడం కూడా పంచశీలలో ఉన్నదే. అడవి చూడని సింహం అడవిని తలుచుకుంటుందో లేదో మనకు తెలీదని చెప్పండి. చాలామటుకు ఇవి ఇలాంటి చోటే పుట్టాయని చెప్పండి. బయటికి వదిలేస్తే బతకలేవని, అందుకే మనుషులు రోజూ మాంసం తెచ్చి పెట్టాలని, ఆ మాంసం ఒక దున్నదని, పిల్ల వయసును బట్టి చెప్పండి. కంచె కట్టింది మనుషులేనని కూడా చెప్పండి. "ఎందుకు కట్టారు?" అని అడిగితే, బస్సు దిగాక నీడలో కూర్చుని పులిహోర తింటూ మాట్లాడుకోవచ్చు. ఆ మాటలకి కాస్త టైం మిగిలేలా ప్లాన్ వేసుకోండి.